లేని కామెర్లు

తగ్గాయి అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలీదు. నిన్న మధ్యాహ్నం క్లాసు టీచరు ఫోన్ చేసి, మీ అమ్మాయికి కామెర్లు తగ్గాయా అండీ అని అడిగితే, ఎవరికి కామెర్లు, ఎప్పుడొచ్చాయి, నంబరు సరిగ్గా చూసుకోండి అనాల్సింది పోయి, ఆఁ తగ్గాయండీ, ఇప్పుడు పర్లేదు అన్నాను. అప్పుడు రేవులో క్రేను మీద ఉన్నాను, ఒక కంటైనర్ పెట్టెని లారీ మీద దింపి రెండో లారీ ముందుకొచ్చేలోగా దొరికిన నిమిషం అది, క్యాబిన్లో కాళ్ళ కింద అద్దం, అద్దం కింద పన్నెండంతస్తుల లోతు, చెవికి ఫోను. కన్నతల్లికి తెలియకుండా పిల్లకి కామెర్లు వచ్చి తగ్గిపోతాయా, తెలీదు అంటే ఆవిడేమనుకుంటుంది, అదీ నా భయం. పిల్లకేమైందన్నది కాదు, నన్నేమనుకుంటారన్నది. రేపు పదింటికి ప్రిన్సిపాల్ మేడం మిమ్మల్ని రమ్మన్నారు, డాక్టరు సర్టిఫికెట్టు అసలుది తీసుకురండి అని కూడా అందావిడ. తెస్తానండీ అన్నాను. లేని జబ్బుకి లేని కాగితం తెస్తానని ఒప్పుకున్నాను. కింద సిగ్నల్ మేస్త్రీ చెయ్యి ఊపుతున్నాడు, లారీ వచ్చి ఆగింది, పెట్టె ఎత్తాలి, ఎత్తాను.

పది దాటి ఇరవై నిమిషాలైంది. మేడం పరీక్షల మీటింగులో ఉన్నారట, కూర్చోండి అన్నారు, కూర్చున్నాను. ఈ బెంచీ చిన్నపిల్లల కొలతకి చేసినట్టుంది, మోకాళ్ళు గడ్డం దాకా వస్తున్నాయి. పన్నెండింటికి డ్యూటీలో ఉంటానని సగం పూట పర్మిషన్ అడిగి వచ్చాను కాబట్టి యూనిఫాంలోనే ఉన్నాను, పసుప్పచ్చ కోటు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకున్నా కాళ్ళకున్న ఇనపముక్కు బూట్లు ఎక్కడ దాస్తాను, వరండాలో పోతున్న ఆడపిల్లలు ముందు బూట్లు చూసి, తర్వాత నా మొహం చూసి, తర్వాత ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. నవ్వుకోండమ్మా. ఎదురుగా గోడ మీద ఫస్టు వచ్చిన పిల్లల ఫొటోలు, ఆఖరి చట్రం ఖాళీగా ఉంది, ఈ ఏడాది వాళ్ళ కోసం. మా పిల్ల ఆ చట్రంలో పడుతుందని నేనెప్పుడూ పైకి అనలేదు, దిష్టి తగులుతుందని. నిన్న సాయంత్రం ఇంటికెళ్ళి అడగాల్సింది. గుమ్మంలోనే అడుగుదామనుకునే వెళ్ళాను. పిల్ల అన్నం వడ్డిస్తుంటే బల్బు కింద దాని కళ్ళలోకి చూశాను, పసుపేమైనా ఉందా అని, కొబ్బరి ముక్కల్లా ఉన్నాయి తెల్లగుడ్లు. "ఏంటమ్మా అలా చూస్తున్నావ్?" అంది. ఏం లేదే అన్నాను. బడెలా జరిగింది అని మాత్రం అడిగాను, రోజూ అడిగినట్టే. ఫిజిక్స్ సారు సుద్దముక్క కోసం జేబులన్నీ వెతుక్కుని, ముందు బెంచీ వాళ్ళ సంచులు కూడా దులిపించి, చివరికి ఆయన చెవి మీదే దొరికితే, క్లాసంతా పది నిమిషాలు నవ్విందని చెప్పింది. చెప్పి తనూ నవ్వింది. నేనూ నవ్వాను. నోట్లో ముద్ద ఉండగానే నవ్వాను.

వరండా తుడుస్తున్న బడి ఆయా నా బూట్ల దాకా వచ్చి ఆగింది. నేను కాళ్ళు పైకెత్తాను. "ఎవరి తాలూకమ్మా మీరు?" అంది. పన్నెండో తరగతి, పొడుగ్గా ఉంటుంది, కళ్ళజోడు, అంటుండగానే ఆవిడ మొహం విప్పారింది. "పొడుగుపిల్ల! అయ్యో, మీరా వాళ్ళమ్మ! ఎంత మంచి పిల్లో. పెళ్ళి బాగా జరిగిందా?"

"పెళ్ళేంటి?"

"చెయ్యలేదా మరి? రెండు నెలలై కనపడటం లేదు కదా. ఆడపిల్ల అలా మాయమైతే ఇంకేమనుకుంటామమ్మా. మగపిల్లాడైతే కాలో చెయ్యో విరిగిందనుకుంటాం." తుడుపుకర్ర మీద రెండు చేతులూ ఆనించి నన్ను పైనుంచి కిందికి చూసింది. "మరి ఒంట్లో బాలేదా?"

"ఫిజిక్స్ సారు..." అన్నాను నేను. ఆవిడ అడిగిందానికి జవాబు కాదది. "ఆయన సుద్దముక్కలు ఎక్కడ పెట్టుకుంటారు?"

"ఏ సారమ్మా? ఆయన బదిలీ అయి వెళ్ళిపోయి మూడో నెల. ఇప్పుడు ఫిజిక్సుకి ఎవరూ లేరు, పిల్లలు ఊరికే కూర్చుంటున్నారు."

తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేల తడిగా ఉంది, నా కాళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి, దించడం మర్చిపోయాను. రెండు నెలలు. రెండు నెలల సాయంత్రాలు ఎన్ని, ఆదివారాలు తీసేస్తే ఎన్ని, అన్నిటికీ ఒక్కో కథ అల్లింది నా కూతురు. లెక్కల టీచరుకి కొత్త గొడుగొచ్చిందని, వెనక బెంచీ పిల్ల క్లాసులో నిద్రపోయి కుర్చీతో సహా పడిపోయిందని, లైబ్రరీలో పిల్లి పిల్లల్ని పెట్టిందని, ఎన్ని పిల్లలే అంటే నాలుగు అంది, ఒకటి మాత్రం తెల్లది అంది. లేని పిల్లికి లేని తెల్లపిల్ల. వంటింట్లో నిలబడి కూర కలుపుతూ, ఈ రాత్రి అమ్మకి ఏం చెప్పాలి అని ఆలోచించుకుని ఉంటుంది, ఉప్పూ కారం చూసుకున్నట్టే కథా చూసుకుని ఉంటుంది. నేను అలిసిపోయి వస్తానని, వచ్చిందాన్ని నవ్వించాలని. దానికి అబద్ధం చెప్పడం ఎవరు నేర్పారు అని కోపమొచ్చింది ఒక్క క్షణం. వచ్చిన కోపం ఎవరి మీద నిలబడాలో తెలీక కూలబడిపోయింది.

నన్ను క్రేను ఎక్కించింది మా అత్తయ్య. ఇది చెబితే ఎవరూ నమ్మరు, అత్త అంటే కోడలి కాళ్ళు లాగేదనే కదా లోకం లెక్క. పన్నెండేళ్ళ కిందట రేవులో ఆడవాళ్ళని కూడా ఆపరేటర్లుగా తీసుకుంటారని కాగితం అంటించారు, అంతకుముందు నేను అక్కడ గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునేదాన్ని. అప్లికేషను తెచ్చి పరుపు కింద దాచాను. ఆయనకి దొరికింది. మా ఆయన చెడ్డవాడు కాదు, నా మీద చెయ్యెత్తింది లేదు, నోరు పారేసుకున్నదీ లేదు, ఇంటి ముందు గదిలోనే రబ్బరు స్టాంపుల కొట్టు, రోజంతా తలొంచుకుని అక్షరాలు తిరగేసి చెక్కుకుంటూ ఉంటాడు. ఆ కాగితం చదివి, "అంత ఎత్తున ఒక్కదానివీ ఏం చేస్తావ్? పడితే? ఇల్లెవరు చూస్తారు? నలుగురూ ఏమంటారు?" అన్నాడు. ఒకదాని వెనక ఒకటి, ఎప్పుడూ అడిగే ప్రశ్నలే, గొంతు కూడా పెంచకుండా. నేను సరే అనేశాను. సరే అనడం నాకు అలవాటు. వెనక గదిలోంచి అత్తయ్య వచ్చింది. ఆవిడ పెళ్ళి కాకముందు నుంచీ అదే రేవులో ఓడ మీంచి ఒడ్డుకి బస్తాలు మోసిన మనిషి, మెడ ఎముక ఒకటి శాశ్వతంగా పక్కకి ఒరిగిపోయింది. కాగితం ఆయన చేతిలోంచి లాక్కుని, "నేను మెడ మీద మోశాను. ఇది వేళ్ళతో ఎత్తుతానంటోంది. ఎత్తనియ్. ఇల్లు నేను చూస్తాను. పిల్లని నేను చూస్తాను. నలుగురికీ కూడా నేనే చెబుతాను, ఇటు రమ్మను" అంది. అంతే. ఆయన మళ్ళీ స్టాంపు మీదికి వంగాడు. ఇల్లు నేను చూస్తాను అన్న ఆ ఒక్క మాట మీద ఎక్కాను నేను. దేని మీద ఎక్కానో అప్పుడు ఆలోచించలేదు. లిఫ్టు సగం దాకానే, ఆ పైన నిచ్చెన, మొదటి రోజు నిచ్చెన మధ్యలో కమ్మీ పట్టుకుని ఏడ్చాను, ఏడ్చి మిగతా సగం ఎక్కాను.

పైన బాగుంటుంది. ఎవరికీ చెప్పకూడదు కానీ చాలా బాగుంటుంది. పన్నెండు గంటల డ్యూటీలో ఎవరూ పిలవరు, నా చెప్పులేవి అనరు, టీ పెట్టమనరు. నీళ్ళు తక్కువ తాగాలి, మాటిమాటికీ దిగలేం కాబట్టి, రెండుసార్లు మూత్రంలో మంటొచ్చి ఇంజెక్షన్లు చేయించుకున్నాను, మెడ వంచి వంచి చూసి రాత్రిళ్ళు తల తిరుగుతుంది, అయినా బాగుంటుంది. కిందవాళ్ళు నాకు మేడమీదావిడ అని పేరు పెట్టారు. మొదట్లో వెక్కిరింతకి, తర్వాత అలవాటుగా, ఇప్పుడు కొత్తగా చేరిన వాళ్ళు అదే నా పేరనుకుంటారు. మా పిల్లకి చిన్నప్పట్నుంచీ పైన సంగతులే కావాలి. పెట్టెలో బరువంతా ఒక పక్కకే ఉంటే నీకెలా తెలుస్తుందమ్మా అని అడిగేది. చేతికి తెలుస్తుందే అనేదాన్ని. చేతికెలా తెలుస్తుంది, కారణం ఉంటుంది కదా అని కాగితం తెచ్చి గీతలు గీసేది, బాణం గుర్తులు వేసేది, చివరికి నాకే పాఠం చెప్పేది. అత్తయ్య మంచమ్మీద కూర్చుని ఇద్దర్నీ చూస్తూ ముసిముసిగా నవ్వేది. ఆ మంచం మీంచే ఏడాదిన్నర కిందట ఒక పొద్దున లేవలేదు. కుడి పక్కంతా పడిపోయింది, మాట ముద్దైపోయింది.

చూసుకోవడానికి ఒకావిడ వచ్చేది, నర్సమ్మ అనేవాళ్ళం, నర్సేం కాదు, చెయ్యి మంచిది. నేను వెళ్ళాక వచ్చేది, నేను వచ్చేలోపు వెళ్ళిపోయేది, ఏడాదిలో మహా అయితే నాలుగైదుసార్లు చూసుంటాను. అత్తయ్యకి గట్టిగా ఒకే జడ వేసి ముడి పెట్టేది. ఆ జడ చూస్తే నర్సమ్మ వచ్చి వెళ్ళిందని తెలిసేది. తర్వాత ఒక రోజు వచ్చేసరికి అత్తయ్యకి రెండు జడలున్నాయి. రెండు జడలు, కొసలకి నీలం రిబ్బన్లు, బడి రిబ్బన్లు. చూసి నవ్వాను. "ఏంటత్తయ్యా, ఒకటో తరగతిలో చేరారా?" అన్నాను కూడా. ఆవిడ నవ్వలేదు, నన్నే చూసింది. పిల్ల మాత్రం గబగబా, సరదాకి వేశానమ్మా అంది. మర్నాడూ రెండు జడలే. మూడో రోజూ. బడి చొక్కా చిలక్కొయ్యకి ఇస్త్రీ మడత చెదరకుండా వేలాడుతోంది, వారమంతా అదే మడత, ఎంత పొందికైన పిల్లో అనుకున్నాను. బూట్లకి దుమ్ము లేదు. పిల్ల చేతులు దగ్గరికి వస్తే మందు సబ్బు వాసన, గోళ్ళ చుట్టూ తోలు తెల్లగా ఉబ్బి ఉంది. దుప్పట్లు రోజూ ఉతికి ఆరేసి ఉండేవి. నేను వచ్చేసరికి వేడి వేడి అన్నం. ఇన్నీ కళ్ళారా చూశాను. నూట ముప్పై అడుగుల కింద లారీ నాలుగు వేళ్ళు పక్కకి ఆగితే కనిపెట్టే కళ్ళు ఇవి. నాకు తెలీదు అని ఎవరికి చెప్పను? తెలిసింది. తెలిసిందాన్ని అడిగితే దిగాల్సొస్తుందని, అడగలేదు. ఇదే నిజం. ఈ బెంచీ మీద కూర్చునేదాకా దీన్ని నాకు నేను కూడా చెప్పుకోలేదు.

రండమ్మా అని పిలిచారు. ప్రిన్సిపాల్ మేడం నా వయసావిడే, కళ్ళ కింద నల్లగా ఉన్నాయి, కూర్చోమని కుర్చీ చూపించి మూడు కాగితాలు నా వైపు తిప్పి పెట్టింది. సెలవు చీటీలు. మా అమ్మాయికి కామెర్లు వచ్చినందున. మా అమ్మాయి ఇంకా కోలుకోనందున. కింద డాక్టరు స్టాంపు, గుండ్రంగా, ఊదా రంగులో. ఆ స్టాంపు ఎక్కడ పుట్టిందో చెప్పడానికి నాకు క్షణం పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన చెక్కే అక్షరాలు చూస్తున్నాను, సున్నా ఎప్పుడూ అడుగున కాస్త నొక్కుకుపోయినట్టుంటుంది, కత్తి అక్కడ తిప్పేటప్పుడు ఆయన బొటనవేలు సహకరించదు. పక్కన నా సంతకం. నేను పెట్టేదానికన్నా బాగుంది. మొదటి అక్షరం దగ్గర నేనెప్పుడూ తొందరపడతాను, పిల్ల తొందరపడలేదు, నెమ్మదిగా, జాగ్రత్తగా, ఇష్టమైన బొమ్మ గీసినట్టు గీసింది.

"ఈ సంతకం మీదేనా?" అందావిడ.

కాదు అంటే పిల్ల దొంగ సంతకం పెట్టినట్టు. స్టాంపు సంగతి తీస్తే ఆయన. "నాదేనండీ" అన్నాను.

"ఆ పేరున్న డాక్టరు ఈ ఊళ్ళో లేడమ్మా. కనుక్కున్నాం." నేను బల్ల అంచు చూస్తున్నాను. "మీ ఆయన ఏం చేస్తారు?"

"కొట్టుందండీ."

ఏం కొట్టు అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. లేచి వెళ్ళి బీరువా తలుపు తెరిచింది, లోపల ఇలాంటి కాగితాలే దారంతో కట్టి ఒక కట్ట. "ఈ ఏడు పదకొండు మంది. పదకొండూ ఆడపిల్లలే. ఒకమ్మాయికి టైఫాయిడ్, ఒకమ్మాయికి నడుం నొప్పి, మీ అమ్మాయికి కామెర్లు. మగపిల్లలకి ఈ జబ్బులేవీ రావు. వాళ్ళు బడెగ్గొడితే సినిమాకి పోతారు, పట్టుకొచ్చి కూర్చోబెడతాం. ఇంట్లో ఎవరికి బాలేదమ్మా?" అంది, గొంతు తగ్గించి.

"మా అత్తగారికి."

తలూపింది. ముందే తెలిసినట్టు. హాజరు చాలదని, హాల్ టికెట్టు రాదని, తన చేతిలో ఏమీ లేదని, వచ్చే ఏడాది మళ్ళీ ఇదే క్లాసులో కూర్చోవచ్చని, లేదంటే ప్రైవేటుగా కట్టి రాసుకోవచ్చని చెప్పింది. మా అమ్మాయి కాగితాలు పైకి పంపకుండా తనే చింపేస్తానంది, అది ఆవిడ చేయగలిగిన మేలు. నా ఎదురుగానే చింపింది. నా సంతకం రెండు ముక్కలై బుట్టలో పడింది. దణ్ణం పెట్టి లేచాను. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి అంది, "లెక్కల్లో మొన్నటిదాకా మీ అమ్మాయే ఫస్టమ్మా." మొన్నటిదాకా.

బడి నుంచి ఇల్లు పావుగంట నడక, బస్సు కోసం ఆగబుద్ధి కాలేదు. పదకొండు దాటింది. ఎండ నడినెత్తికి వస్తోంది, బూట్ల ఇనపముక్కు వేడెక్కి వేళ్ళకి తగులుతోంది. ఏమనాలి, ఎవర్ని ముందు అనాలి. ఆయన్ని నిలదీయాలి. పిల్లని దగ్గరికి తీసుకోవాలి. ఉద్యోగం మానేస్తానని చెప్పెయ్యాలి, ఇంక ఇవాళే ఆఖరు, ఎవరి బతుకు మీద కాలు పెట్టి ఎక్కానో తెలిశాక ఇంకెలా ఎక్కుతాను, ముందు ఆవిడ మెడ మీద, ఇప్పుడు దీని చదువు మీద. మానేస్తాను అనుకోగానే ఒళ్ళు తేలికైంది, ఆ వెంటనే ఆ తేలిక చూసి భయమేసింది, మానేస్తే పొద్దున్నే లేచి ఆ వెనక గది తలుపు తెరవాలి, రేపూ, ఎల్లుండీ, ఆవిడ ఉన్నన్నాళ్ళూ. ఎన్నాళ్ళుంటుంది అని లెక్క వెయ్యబోయి నాలిక కరుచుకున్నాను. నన్ను ఎక్కించిన మనిషి.

కొట్లో ఆయన తలొంచుకుని ఉన్నాడు. ఈ వేళప్పుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు, చేతిలో కత్తి అలాగే ఉంది. నేను ఆగకుండా లోపలికి నడిచాను, ఆయన నా వెనకే. వెనక గదిలో పిల్ల మంచం పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, బకెట్లో గుడ్డ పిండుతోంది. జుట్టు ముడేసుకుంది, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుంది, వెనక నుంచి చూస్తే నలభై ఏళ్ళ ఆడమనిషి నడుం అది. తిరిగి నన్ను చూసింది. నా యూనిఫాం చూసింది. ఇంక కథలేమీ అక్కర్లేదని దానికి తెలిసిపోయింది, భుజాలు దిగిపోయాయి.

"బడికెళ్ళొచ్చావా?" అంది.

"నర్సమ్మ ఎప్పుడు మానేసింది?"

"వాళ్ళమ్మాయి పురిటికని వెళ్ళింది. మళ్ళీ రాలేదు." గుడ్డ మళ్ళీ పిండింది, నీళ్ళేం రాలేదు. "వేరేవాళ్ళు దొరికేదాకా అన్నాడు నాన్న. కొన్నాళ్ళే అన్నాడు. నీకు చెబితే మానేస్తావని..."

"మానేస్తాను" అన్నాను. "ఇవాళే."

"వద్దు!" అంది, అరిచినట్టే. అత్తయ్య ఎడమ చెయ్యి మంచం మీద కదిలింది. "నువ్వు మానేస్తే నేనిన్నాళ్ళూ చేసింది దేనికి? పరీక్ష ఎలాగూ పోయింది కదా. పోయిందా లేదా?" నేను బకెట్లోకి చూశాను. "పోయింది. మరింక నీది కూడా ఎందుకు? నానమ్మ కూడా అదే అంది. మొదటి రోజే అంది, దింపొద్దు, దింపొద్దు అని. అర్థం కావడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. నిన్ను దింపొద్దని."

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు. ఆ చూపులో తప్పు చేశానన్న ఛాయ ఎక్కడా లేదు. కోడల్ని పైన ఉంచడానికి మనవరాలు కావాల్సొస్తే మనవరాలే అనుకుంది ఆవిడ, ఎవరో ఒకరు కింద ఉండాల్సిందేనని తెలిసిన మనిషి. ఆ ఎవరో ఒకరు ఆయన కావచ్చని ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు, చదువుకున్న నా కూతురికీ తోచలేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది. నిలబడే కోపం. గుమ్మంలో నిలబడ్డ ఆయన వైపు తిరిగాను.

"స్టాంపు చెక్కావు" అన్నాను. ఇరవై ఏళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఇద్దరికీ వినపడింది. "డాక్టరు పేరు కూడా నువ్వే పెట్టి చెక్కావు. అంత ఓపిక ఉన్నవాడివి ఒక్కపూట మీ అమ్మ ఒళ్ళు తుడవలేకపోయావా? పది అడుగుల దూరంలో ఉన్నావు. రోజంతా ఇంట్లోనే ఉన్నావు."

"ఆడమనిషి ఒళ్ళు నేనెలా..."

"ఆ ఆడమనిషి కడుపులోంచే వచ్చావు. పట్టు."

పిల్ల చేతిలోంచి గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను. కత్తి కింద పెట్టాడు. ఎందుకో వాదించలేదు, వచ్చి మంచం పక్కన వంగాడు, దుప్పటి అంచు పట్టుకుని కాస్త తీశాడు. అత్తయ్య గొంతులోంచి ఒక అరుపొచ్చింది. ఏడాదిన్నరగా ఆవిడ నోట అంత పెద్ద శబ్దం వినలేదు మేం. ఎడమ చేత్తో దుప్పటి గుండెలకి లాక్కుని, మొహం గోడ వైపు తిప్పేసి, మెడ నరాలు ఉబ్బిపోయేలా అరిచింది. బస్తాలు మోసే రోజుల్లో మేస్త్రీని తన్నిందని చెబుతారు ఆవిడ గురించి, అంతటి మనిషి, కన్నకొడుకు చెయ్యి తగలగానే సిగ్గుతో చచ్చిపోతున్నట్టు అరిచింది. కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "చూశావుగా" అన్నాడు. మెల్లగానే అన్నాడు, బాధగానే అన్నాడు, కానీ ఆ మాట అడుగున ఎక్కడో ఊరట ఉంది, నేను విన్నాను. గుడ్డ బకెట్ అంచు మీద వేసి కత్తి తీసుకుని కొట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి గరగరమని రబ్బరు చెక్కుతున్న చప్పుడు వినపడింది.

సరే, నేను తుడుస్తాను అని మంచం మీద కూర్చున్నాను. నన్ను చూసి అత్తయ్య అరవలేదు, అరిచే ఓపిక అయిపోయి వెక్కుతోంది. పక్కకి తిప్పుదామని వీపు కింద చెయ్యి పెట్టి లేపబోయాను, ఒళ్ళు జారిపోయింది, తల దిండు మీంచి వాలిపోయింది, మళ్ళీ పట్టుకున్నాను, ఈసారి పడిపోయిన చెయ్యి నా కిందే ఇరుక్కుంది. ఆవిడ మూలిగింది. ఎముకల గూడులా ఉన్న ఆ మనిషిని ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలియలేదు.

"అలా కాదమ్మా" అంది పిల్ల. "లే." లేచాను. "ముందు చచ్చుబడ్డ కాలు మడవాలి. ఇదిగో. తర్వాత ఈ చెయ్యి ఛాతీ మీదికి. ఇప్పుడు భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒకటి. లేపకూడదు. దొర్లించాలి. నానమ్మా, ఒకటి, రెండు..." మూడు అనేలోగా అత్తయ్య పక్కకి తిరిగిపోయింది, నిద్రలో ఒత్తిగిలినట్టు. వీపు మీద ఎక్కడా పుండు లేదు. ఏడాదిన్నరగా మంచాన ఉన్న మనిషి వీపు, పసిపిల్ల వీపులా ఉంది. నర్సమ్మ ఉన్నప్పుడు నడుం దగ్గర ఎర్రగా ఒకటుండేది, అది కూడా మానిపోయింది. "రెండు గంటలకోసారి తిప్పాలి" అంది పిల్ల, గుడ్డతో తుడుస్తూ, నా వైపు చూడకుండా. "బడికి పోతే ఎలా కుదురుతుంది చెప్పు." ఆ గొంతులో ఫిర్యాదు లేదు. పని తెలిసినవాళ్ళు పని తెలియని వాళ్ళకి చెప్పే గొంతది, పన్నెండేళ్ళుగా కొత్తవాళ్ళతో నేను మాట్లాడే గొంతు. పదిహేడేళ్ళ పిల్లకి ఆ గొంతు రాకూడదు.

"ప్రైవేటుగా రాయొచ్చన్నారు" అన్నాను.

"రాస్తాలే."

"వేరేవాళ్ళని చూస్తాను. నేనే వెతుకుతాను. ఈ వారమే."

"చూద్దువులే అమ్మా." నన్ను ఊరుకోబెడుతున్నట్టు అంది. నమ్మలేదు. అలాగని నన్ను తిట్టనూ లేదు.

ఫోను మోగింది. సిగ్నల్ మేస్త్రీ. ఓడ అప్పుడే ఒడ్డుకొచ్చి ఆగిందట, నాలుగు లారీలు వరసలో ఉన్నాయట. "వస్తున్నావామ్మా, ఇంకొకళ్ళని ఎక్కించమంటావా?" అంటున్నాడు. ఇంకొకళ్ళని ఎక్కించండి అన్న మాట నోటి దాకా వచ్చింది. ఇవాళొక్కరోజు. కనీసం ఇవాళొక్కరోజు ఈ గదిలో కూర్చోవాలి, పిల్లని నిద్రపొమ్మనాలి, ఆ చేతులకి కొంచెం నూనె రాయాలి. పిల్ల బకెట్ ఎత్తుతూ ఆగి నన్నే చూస్తోంది. అత్తయ్య గోడ వైపు ఒత్తిగిలి ఉంది, వెక్కడం ఆగింది, ఆవిడా వింటోందని వీపు చూస్తే తెలిసింది. ఇద్దరూ నా నోట ఏ మాటొస్తుందా అని చూస్తున్నారు. ఇద్దరికీ కావాల్సింది ఒకే మాట. నాకూ అదే మాట కావాలి. అదే నన్ను చంపేస్తోంది.

"వస్తున్నా" అన్నాను ఫోన్లో. "పావుగంటలో ఉంటాను."

పిల్ల బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి పారబోసి వచ్చింది. నేను కోటు తొడుక్కునేలోగా అత్తయ్యని మళ్ళీ ఇటు తిప్పి, దిండు సర్ది, మొహం తుడిచింది. "నానమ్మా, అమ్మ వెళ్తోంది. టాటా చెప్పు" అంది, ఏడాది పిల్లతో అన్నట్టు. అత్తయ్య ఎడమ చెయ్యి లేచింది. గాల్లో ఒక్క క్షణం అలాగే నిలబడింది, వణుకుతూ. పిల్ల ఆ మణికట్టు కింద తన చెయ్యి ఆనించి, పడిపోకుండా పట్టుకుంది.

నేను వెళ్ళాను.